డాగ్నీ వీపు మీద వలయం

డాగ్నీ వీపు మీద ఎర్రటి వలయాన్ని నేను మూడు శనివారాలు చూశాను. ఎడమ రెక్క ఎముకకు కిందుగా ఉండేది. మొదటి శనివారం నాడు నాణెమంత ఉంది. రెండో శనివారానికి సాసరంత అయింది. మూడోసారి అరచెయ్యి పరిచినా కప్పలేనంత. మధ్యలో చర్మం మామూలుగానే ఉంది, చుట్టూ అంచు మాత్రం ఎర్రగా ఉంది. చూశాను, చూడనట్టు తల తిప్పుకున్నాను. నా నోరు ఎలాంటిదో మా నూర్‌షేర్ దీవిలో ఎవరిని అడిగినా చెబుతారు. ప్రసంగం బాగాలేదని పాస్టరుగారికి చర్చి మెట్ల మీదే చెప్పినదాన్ని. అలాంటి నోరు ఆ మూడు శనివారాలూ మూతపడింది. ఎందుకు మూతపడిందో చెప్పాలంటే మా సౌనా సంగతి, డాగ్నీ సంగతి ముందు చెప్పాలి.

రేవు పక్కన ఊరందరికీ కలిపి ఒకటే సౌనా. చెక్క గది, పొయ్యి మీద రాళ్ళు, కాలిన రాళ్ళ మీద గరిటెతో నీళ్ళు పోస్తే గదంతా ఆవిరి. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆడవాళ్ళ వంతు, ఐదు దాటితే మగవాళ్ళది. ఒంటి మీద నూలుపోగు లేకుండా బల్లల మీద కూర్చుంటాం. పుట్టినప్పటి నుంచీ అంతే, అందులో సిగ్గేమీ లేదు. కాకపోతే అలా కూర్చోవాలంటే ఒక కట్టుబాటు ఉండాలి కదా. మా అత్తగారు దాన్ని పలక మీద రాయించి తలుపు పక్కన కొట్టించింది: "కళ్ళు రాళ్ళ మీద ఉంచుకోండి." లావయ్యావనో చిక్కావనో అనకూడదు. కుట్లు మానాయా అని అడగకూడదు. కనబడినా కనబడనట్టే. అత్తగారి తర్వాత ఆడవాళ్ళ వంతు పెద్దరికం నాకొచ్చింది. ఇరవై రెండేళ్ళు ఆ పలకను నా చేత్తో తుడిచాను. పట్నం నుంచి వచ్చిన ఒక కొత్త కోడలు ఎవరి మోకాలి మీదో మచ్చ చూసి "అయ్యో, ఇదెప్పుడైంది?" అని అడిగితే, అక్కడికక్కడే దులిపేశాను. పాపం, ఆ పిల్ల తర్వాత ఆరు వారాలు సౌనా వైపు రాలేదు.

డాగ్నీ నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. వాళ్ళ మేనమామ పోతూ పోతూ అరవై గొర్రెలు, ఒక పడవ, చూరు కారే ఇల్లు ఒకటి ఆమెకిచ్చి పోయాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. నెల తిరక్కుండా అమ్మేస్తుందనుకున్నాం. అమ్మలేదు. మే నెలలో గొర్రెల్ని పడవలో ఎక్కించి, మనిషి ఉండని చిన్న చిన్న రాతి దీవుల మీద మేతకు వదిలేది. సెప్టెంబరులో మళ్ళీ ఒక్కొక్కదాన్ని పట్టి తెచ్చేది. అన్నీ ఒక్కతే. పొట్టేలుని రెండు కాళ్ళూ పట్టి వెల్లకిలా తిప్పి మోకాళ్ళ మధ్య బిగించి ఉన్ని కత్తిరిస్తుంటే మగవాళ్ళు పని ఆపుకుని చూసేవాళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదే అంటే, "ఉన్న పొట్టేళ్ళతోనే సరిపోతోంది, ఇంకోటి కూడానా?" అనేది. పెద్దగా నవ్వేది. ఆ నవ్వు రేవు నుంచి మా వంటింటికి వినబడేది.

గోమార్లంటే మా దీవుల్లో ఎవరికీ లెక్క లేదు. గడ్డిలో ఉంటాయి, బిర్చ్ చెట్ల ఆకుల్లో ఉంటాయి, గొర్రెను పట్టుకుంటాయి, కుక్కను పట్టుకుంటాయి, మనిషినీ పట్టుకుని నెత్తురు తాగుతాయి. పీకి పొయ్యిలో వేస్తాం, అంతే. పైగా అదొక గొప్ప. వేసవి చివర కొట్టు దగ్గర మగవాళ్ళు "నాకీ ఏడు ముప్పై", "నాకు నలభై ఒకటి" అని పోటీలు పడేవాళ్ళు. డాగ్నీ తన కొట్టం తలుపు మీద సుద్దతో గీతలు గీసేది. ఎనభై తొమ్మిదో సంవత్సరం వేసవిలో యాభై మూడు గీతలు గీసి అందర్నీ ఓడించింది. ఆ యాభై మూడూ చేతికి అందినవి, కంటికి కనబడినవి. అందని చోట పట్టుకున్నది ఒకటుందని ఆమెకు తెలియదు. ఒంటరి మనిషి వీపు ఎవరు చూస్తారు? సౌనాలో మేం చూడాలి. మా కళ్ళు రాళ్ళ మీద ఉన్నాయి.

నిజం చెప్పాలంటే, ఆవిరిలో చెమట పట్టాలని బిర్చ్ రెమ్మలతో ఒళ్ళు కొట్టుకుంటాం, ఆ వాత అనుకున్నాను మొదటి శనివారం. రెండోసారి ఇదేంటబ్బా అనిపించింది. మూడోసారి నోటిదాకా వచ్చింది. ఆ కొత్త కోడల్ని దులిపిన సంగతి గుర్తొచ్చింది. పక్కన నలుగురున్నారు. రాళ్ళ మీద ఒక గరిటెడు నీళ్ళు పోసి, వేడి చాలా అని అడిగాను. చాలు అన్నారు. తర్వాతి శనివారానికి ఆ వలయం మాసిపోయింది. నేనూ మర్చిపోయాను.

అక్టోబరులో డాగ్నీకి నొప్పి మొదలైంది. వెన్నులో పుట్టి పక్కటెముకల చుట్టూ తిరిగేదట, కత్తి పెట్టి తిప్పినట్టు. పగలు కాస్త నయం, పడుకుంటే ఎక్కువ. కుర్చీలో కూర్చునే తెల్లవార్చేది. బరువులెత్తి వెన్నుపూస జరిగిందన్నాడు ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. అప్పట్లో మాకు నిలకడగా ఒక డాక్టరు ఉండేవాడు కాదు, మూడు నెలలకొకడు మారేవాడు. రెండోవాడు ఒంటరితనం అన్నాడు. నరాల నీరసం అని నిద్రమాత్రలిచ్చాడు. జనవరికల్లా ఎడమ పాదం సరిగ్గా లేవడం మానేసింది. నడుస్తుంటే బొటనవేలు నేలకు రాసుకునేది. మనుషుల పేర్లు మర్చిపోయేది. నవ్వు సంగతి సరేసరి.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి, దాస్తే లాభం లేదు. ఆ చలికాలంలో కొట్టు దగ్గర, బోర్యే వింటుండగా నేనన్న మాటలివి. బోర్యే అంటే కొట్టు యజమాని, ఊరి కబుర్ల పెట్టె. "నడుంనొప్పట, నడుంనొప్పి. నాకు లేదా? ఎవర్ట్‌కి లేదా? గొర్రెలంటే విసుగొచ్చి ఉంటుంది, చెప్పుకోడానికి సిగ్గేసి నొప్పంటోంది." ఎవర్ట్ మా ఆయన, ఓడలకు దారి చూపే పైలట్ పడవ నడుపుతాడు. బోర్యే ఆ మాటను రెండు రోజుల్లో దీవి చుట్టూ తిప్పి తెచ్చాడు. డాగ్నీకీ చేరే ఉంటుంది.

మార్చిలో ఆమె పాత పత్రిక ఒకదానిలో చిన్న వార్త చదివింది. గోమారి కుడితే వచ్చే జబ్బు ఒకటుందట. లైమ్ జబ్బు అంటారట. కుట్టిన చోట ఎర్రటి వలయం లేచి పెద్దదవుతుందట, అది మాసిపోయాక నెలలకు నరాల్లోకి దిగుతుందట. ఆ కాగితం ముక్క పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్ళింది. ఇతను మూడోవాడు. కొంచెం నయం, కనీసం రక్తం తీశాడు. రక్తంలో ఉందని తేలింది. కానీ అతనన్నది ఇది, డాగ్నీ నోటితోనే తర్వాత విన్నాను:

"చూడండి, ఈ దీవుల్లో సగం మంది రక్తంలో ఇది కనబడుతుంది. ఎప్పుడో కుట్టి ఉంటుంది, ఒళ్ళు తట్టుకుని ఉంటుంది. మీ కాలు దీనివల్లే అని నేనెలా చెప్పను? నిరుడు వేసవిలో వలయం లేచిందా?"

"నాకు కనబడలేదు డాక్టరుగారూ."

"ఇంట్లో ఎవరైనా చూశారా?"

"ఇంట్లో కుక్క ఉంది."

"ఎవరైనా చూసినవాళ్ళుంటే చెప్పండి. పెద్దాసుపత్రికి పంపిస్తాను, వెన్నులోంచి నీరు తీసి చూస్తారు. ఊరికే పంపితే నన్నే తిడతారు. ఒకటి మాత్రం చెబుతున్నా, ఆలస్యమైన కొద్దీ ఆ పాదం తిరిగి రావడం కష్టం."

అలా డాగ్నీ కాలు ఎవరో ఒకరి కంటి మీద ఆధారపడింది. ఆ కన్ను నాదని ఆమెకు తెలియదు. నాకు తెలిసింది ఏప్రిల్ మొదటి వారంలో, బన్నుల పిండిలోకి ఈస్టు కొనడానికి కొట్టుకెళ్ళినప్పుడు.

ప్రకటనలు అంటించే బోర్డు మీద, పడవ అమ్మకానికి, కుక్కపిల్లలు ఇవ్వబడును అన్న చీటీల మధ్య ఒక పెద్ద కాగితం ఉంది. మనిషి వీపు బొమ్మ. దాని మీద ఎర్ర క్రేయాన్‌తో వలయం. కింద డాగ్నీ కోడిగీతలు: "నిరుడు వేసవిలో నా వీపు మీద గానీ, తొడ వెనక గానీ ఇలాంటి మచ్చ ఎవరైనా చూశారా? చూస్తే దయచేసి చెప్పండి. ఇది గోమారి వల్ల వస్తుంది. మీ ఒంటి మీద, మీవాళ్ళ ఒంటి మీద కూడా చూసుకోండి. వలయం కనబడితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి."

అచ్చు అదే. మధ్యలో తెలుపు, చుట్టూ ఎరుపు.

"చూశావా ఎల్వీరా?" అన్నాడు బోర్యే వెనక నుంచి. నేను ఉలిక్కిపడ్డాను. "డాగ్నీ తన వీపు ఎవరు చూశారని ఊరందర్నీ అడుగుతోంది. యాభై రెండేళ్ళొచ్చాక ఆడదానికి ఇదేం కోరికో. నేను చూశానని చెప్పేదా?"

కొట్టులో ఉన్న ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఈస్టు మర్చిపోయి ఇంటికొచ్చాను.

ఆ రోజే చెప్పొచ్చు కదా అని మీరంటారు. నేనూ అదే అనుకున్నాను, రోజూ. పొద్దున్నే లేచి ఇవాళ వెళ్ళి చెబుతా అనుకునేదాన్ని. కోటు వేసుకునేదాన్ని. ఏమని చెప్పాలి? చూశాను, మూడుసార్లు చూశాను, నోరు మూసుకున్నాను, పైగా నిన్ను పనిదొంగ అన్నాను అని చెప్పాలా? కోటు విప్పి కొక్కేనికి తగిలించేదాన్ని. సౌనాలో మాతో పాటు కూర్చునేవాళ్ళు నలుగురైదుగురున్నారు కదా, వాళ్ళెవరైనా చూసే ఉంటారు, వాళ్ళే చెబుతారులే అనీ అనుకున్నాను. వాళ్ళూ నా గురించి అలాగే అనుకుని ఉంటారేమో తెలీదు. ఆ కాగితం కింద ఎవరూ ఏమీ రాయలేదు. ఎవరో మీసాలు మాత్రం గీశారు, ఆ వీపుకి.

ఏప్రిల్ నెలాఖరున డాగ్నీ గొర్రెలు వదిలే రాతి దీవి మీద కంచె చూసుకోడానికి పడవలో వెళ్ళింది. వెళ్ళొద్దని ఎవరు చెబుతారు? గాలి అంత లేదు గానీ అల ఉంది. పడవ ముక్కు రాతికి ఆనగానే తాడు పట్టుకుని దూకడం, ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే. దూకింది. ఎడమ పాదం లేవలేదు. పడవ అంచుకు తట్టుకుని రాతికీ పడవకీ మధ్య నీళ్ళలో పడింది. ఏప్రిల్లో మా సముద్రంలో మంచు కరిగి ఎన్నాళ్ళో కాలేదు. అల వచ్చినప్పుడల్లా పడవ ఆమె మీదికి వస్తోంది, రెండు చేతులతో నెడుతోంది, కాలు ఆనడం లేదు. ఓడను సాగనంపి తిరిగొస్తున్న ఎవర్ట్ దూరం నుంచి పడవ ఖాళీగా ఊగడం చూశాడు. డాగ్నీ పడవ ఖాళీగా ఊగడమేమిటని అటు తిప్పాడు. ఆయన చేరేసరికి ఆమె అరవడం కూడా మానేసిందట. కోటు కాలర్ పట్టుకుని లాగాడు.

ఆమెను మా ఇంటికే తెచ్చాడు, అదే దగ్గర కాబట్టి. తడి బట్టలు నేనే విప్పాను. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి దుప్పట్లు కప్పాను. ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. దుప్పటి సర్దుతుంటే ఆ వీపు నా కళ్ళ ముందుంది, తెల్లగా, మచ్చ లేకుండా. అప్పుడైనా చెప్పాలి కదా. వేడి పాలిచ్చాను.

"కాలు మాట వినట్లేదు ఎల్వీరా," అంది డాగ్నీ కప్పులోకి చూస్తూ. "వెళ్ళు అంటే వెళ్ళట్లేదు. గొర్రెల్ని అమ్మేస్తే నేనేం చెయ్యను? నాకు ఇంకో పని రాదు."

"ముందు తాగు," అన్నాను.

ఎవర్ట్ ఆమెను ఇంటి దగ్గర దింపి వచ్చి, బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "ఇంకో పది నిమిషాలైతే పోయేది. ఎవడైనా ఆ మచ్చ చూసుంటే, చూసీ చెప్పకుండా ఉంటే, వాడిని ఏమనాలో నాకు తెలీట్లేదు." ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన దగ్గర నేను దాచిన మాట అదొక్కటే.

మే రెండో ఆదివారం మా సౌనా కడిగే రోజు. ఊరంతా చేతులు కలిపి బల్లలు తోమి, పొగగొట్టం దులిపి, చెక్కకు నూనె పట్టిస్తాం. తర్వాత పడవల షెడ్డులో కాఫీ, కాఫీతో పాటే ఆ ఏడాది వంతుల సమావేశం. ఏటా అదే జరుగుతుంది: ఎవరు కట్టెలు కొట్టాలి, ఎవరు తాళం ఉంచుకోవాలి. ఆ ఏడు వంతులన్నీ తేలాక డాగ్నీ లేచింది. చేతికర్ర ఆనించుకుని, చుట్టచుట్టిన కాగితం ఒకటి చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది. ముప్పై మందిమి ఉంటాం. బల్లల మీద చెంచాల చప్పుడు ఆగింది.

"నాకు రెండు కావాలి," అంది. "బట్టలు మార్చుకునే గదిలో నిలువుటద్దం ఒకటి. తలుపు పక్కన ఈ బొమ్మ."

"అద్దమెందుకే డాగ్నీ?" అన్నాడు బోర్యే. "ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడు సింగారమా?"

"నీ మొహం నువ్వు చూసుకుంటే కొట్టు ముందు నిలబడ్డం మానేస్తావని," అంది డాగ్నీ. నవ్వులు లేచాయి. ఆమె నవ్వలేదు, ఆగింది, నవ్వులు అయిపోయేదాకా. "ఎవడి వీపు వాడికి కనబడదు. పక్కవాడికే కనబడుతుంది. నా వీపు మీద మచ్చ లేచిందో లేదో నాకు తెలీదు. లేచుంటే, ఎవరైనా అప్పుడే ఒక్క మాటంటే, మాత్రలతో పోయేది. ఇప్పుడు ఈ కాలు చూస్తున్నారుగా. నా సంగతి పోనీండి. ఈ వేసవిలో ఇంకెవరికో లేస్తుంది. మీ కూతురికే లేవొచ్చు. కళ్ళు రాళ్ళ మీద ఉంచుకోండి అన్న పలక తీసెయ్యమనట్లేదు. పక్కన ఇంకోటి కొట్టండి. వెళ్ళేముందు ఒకరి వీపు ఒకరు చూడండి అని."

మా వాళ్ళు ఇష్టం లేనిదాన్ని కాదనరు, కాఫీ తాగుతారు. చివరికి వెనక బల్ల మీంచి ఎవరో ముసలావిడ అంది: "కట్టుబాటు సంగతి మాకేం తెలుసు? ఎల్వీరాని అడగండి."

ముప్పై జతల కళ్ళు నా మీదికి తిరిగాయి. డాగ్నీవి కూడా. ఆ కళ్ళలో కోపం లేదు, అదే నాకు భరించరానిదైంది. ఈవిడ వద్దంటుంది అని ముందే ఒప్పేసుకున్న మనిషిలా చూస్తోంది. నేను "వచ్చే ఏడు ఆలోచిద్దాం" అంటే చాలు. అందరూ తలలూపి పింగాణీ కప్పులు సర్దుకుని వెళ్ళిపోతారు. ఆ మాట నాలుక చివరే ఉంది. లేచి నిలబడ్డాను. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"నేను చూశాను," అన్నాను.

"ఏమిటి?" అన్నాడు బోర్యే.

"నువ్వు నోరు మూసుకో. డాగ్నీ, నీ వీపు మీద వలయం నేను చూశాను. నిరుడు ఆగస్టులో."

ఎవర్ట్ తన కప్పు కింద పెట్టాడు. ఆయన మొహం వైపు చూడలేదు నేను.

"ఎక్కడ?" అంది డాగ్నీ.

"ఎడమ రెక్క ఎముక కింద. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా. నువ్వు గీసినట్టే."

"ఎంత ఉంది?"

"నా చెయ్యి పరిచినా కప్పలేనంత."

ఆమె కర్రను ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకుంది. "అంత ఒకేసారి అవదు. చిన్నగా మొదలై పెద్దదవుతుంది. ఎన్నిసార్లు చూశావు?"

అది అడుగుతుందనుకోలేదు. ఒకసారి అని చెప్పొచ్చు. ఒకసారి అంటే పొరపాటున కనబడింది అనుకుంటారు.

"మూడు శనివారాలు," అన్నాను.

డాగ్నీ చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఏడుస్తుందేమో, కర్ర ఎత్తుతుందేమో అనుకున్నాను. ఎత్తినా అడ్డుపడేదాన్ని కాదు. ఆమె బోర్యే వైపు తిరిగింది.

"నీ కొట్టులో ఫోను పని చేస్తుందా?"

"చేస్తుంది."

"తాళం తియ్యి. డాక్టరు ఆదివారం ఇంట్లోనే ఉంటాడు."

కొట్టులో ఆమె నంబరు తిప్పి, రెండు ముక్కలు చెప్పి, ఫోను నా చేతిలో పెట్టింది. నా వైపు చూడకుండా. డాక్టరు నన్ను పది ప్రశ్నలు అడిగాడు. ఏ నెల, ఏ వైపు, పెరిగిందా, ఎప్పుడు మాసింది. చివర్లో, "అప్పుడే ఆమెకు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. "మా దగ్గర చెప్పరు," అన్నాను. "మంగళవారం పడవలో పంపండి. చీటీ రాసి ఉంచుతాను," అన్నాడు.

పెద్దాసుపత్రిలో వెన్ను నీరు తీశారు. అందులో తేలింది, అనుమానం లేకుండా. రెండు వారాలు రక్తనాళంలోకి మందు ఎక్కించారు. నొప్పి నాలుగో రోజునే తగ్గిందట, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి మంచం మీద పడుకుని నిద్రపోయిందట. పాదం తిరిగొచ్చింది గానీ పూర్తిగా రాలేదు. బొటనవేలు ఇప్పటికీ లేవదు. బూటు ముందుభాగానికి తోలు పట్టీ కట్టి మోకాలి కిందకు బిగించుకుంటుంది. గొర్రెలు అరవై నుంచి ఇరవైకి దిగాయి. ముందటి ఆగస్టులోనే చెప్పి ఉంటే ఒక సీసా మాత్రలతో అయిపోయేది. ఆ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఆ వేసవి నుంచి డాగ్నీ వేరే మనిషి అయింది. గొర్రెలు పోయిన చోట ఈ పని వచ్చి చేరింది. అలాంటి బొమ్మలు నలభై గీసింది. పడవ వేసుకుని దీవి దీవికీ వెళ్ళి ఊరి సౌనాల్లో, బడుల్లో, కొట్లలో అంటించింది. అడ్డు చెప్పినచోట బల్ల మీద కూర్చుని, బూటు విప్పి, పాదం చూపించి, "ఇప్పుడు చెప్పండి, వద్దా?" అనేది. ఎవరూ వద్దనలేదు. బుధవారం మధ్యాహ్నాలు ఆమె వంటింట్లో కాఫీ. కారణం తెలియని నొప్పులతో, డాక్టర్లు నరాలన్నవాళ్ళు, ఇంట్లోవాళ్ళు బద్ధకమన్నవాళ్ళు వచ్చేవాళ్ళు. ముగ్గురితో మొదలైంది, చలికాలానికి పదకొండు మంది. అందరికీ ఈ జబ్బే అని కాదు. కొందరికి వేరేది తేలింది, కొందరికి ఏదీ తేలలేదు. డాగ్నీ మాత్రం వచ్చినవాళ్ళెవర్నీ నీకేమీ లేదు పొమ్మనలేదు. తోడుగా డాక్టరు దగ్గరికి వెళ్ళేది, వాళ్ళు మర్చిపోయినవి తను చెప్పేది.

నాతో మాత్రం మాట్లాడలేదు. ఎదురైతే తల పంకించేది, అంతే. నేను బుధవారం పొద్దున్నే ఏలకుల బన్నులు చేసి ఎవర్ట్‌తో పంపేదాన్ని. బన్నులు తీసుకునేది, సాయంత్రానికి ఖాళీ బుట్ట మా మెట్ల మీద ఉండేది. ఎవర్ట్ కూడా ఆ మే నెలంతా నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. "ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెట్టినప్పుడైనా చెప్పాల్సింది," అన్నాడు ఒక్కసారి. పాపం, ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సౌనాలో అద్దం పెట్టాం. బొమ్మ తగిలించాం. దాని కింద కొత్త పలక నా చేత్తో కొట్టాను. వెళ్ళేముందు ఒకరికొకరు వీపు తిప్పి నిలబడడం, "ఏమీ లేదు" అనిపించుకోవడం అలవాటైంది. మొదట్లో నవ్వులాట, తర్వాత పళ్ళు తోముకున్నంత మామూలు. డాగ్నీ ఎప్పుడూ నాకు అవతలి చివర కూర్చునేది. నా వీపు ఎవరో ఒకరు చూసేవాళ్ళు, ఆమె కాదు.

మరుసటి ఏడు జూలైలో ఒక శనివారం, అందరూ ఎండుగడ్డి పనిలో ఉన్నారు. సౌనాకి వెళ్ళేసరికి డాగ్నీ ఒక్కతే ఉంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్తే బాగుండదని కూర్చున్నాను. ఇద్దరం చెరో చివర. రాళ్ళ మీద నీళ్ళు పోయడం తప్ప వేరే చప్పుడు లేదు. అరగంట అయ్యాక లేచాను. వీపు చూడమని ఆమెను అడిగే మొహం నాకు లేదు. తువ్వాలు తీసుకుని తలుపు వైపు నడిచాను.

"ఆగు," అంది.

ఆగాను. పద్నాలుగు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"వెలుతురులోకి తిరుగు."

తిరిగాను. ఆమె బల్ల దిగి, పాదం ఈడ్చుకుంటూ నా వెనక్కి వచ్చింది. నడుముకు పైన, వెన్నెముకకు కుడివైపున, నాకు ఏ అద్దంలోనూ సరిగ్గా కనబడని చోట, ఆమె వేలు గుండ్రంగా తిరిగింది.

"ఉంది," అంది. "కప్పు మూతంత. సోమవారం పొద్దుటి పడవకి వెళ్ళు. వలయం అని చెప్పు, నేను చూశానని చెప్పు. మాత్రలిస్తారు."

"ఎన్నాళ్ళ నుంచో ఏమో," అన్నాను.

"ఎన్నాళ్ళో కాలేదు. పోయిన శనివారం లేదు. అంతకు ముందు శనివారమూ లేదు." డాగ్నీ తువ్వాలుతో తన చేతులు తుడుచుకుంది. "నేను ప్రతివారం చూస్తూనే ఉన్నాను."